కుర్చీ రోడ్డు వైపు

మా కటింగ్ కాక ఇక లేడని మన ఊరి గ్రూపులో మీరందరూ చూసే ఉంటారు. నేను పూలతోట పనికి ఆటోలో పోతూ చూశాను. పక్కన కూర్చున్నవాళ్లకు చెబుదామనుకున్నాను, నోరు రాలేదు. అందరూ దండం బొమ్మలు పెట్టారు. నేను ఈ గ్రూపులో ఎప్పుడూ ఏమీ రాయలేదు. బడి మధ్యలో మానేసినవాణ్ని, తప్పులుంటే ఏమనుకోకండి.

మన ఊరు హిమాయత్‌నగర్‌లో కాక షాపు తెలియనివాళ్లు లేరు. ఒక కుర్చీ, ఒక అద్దం, ఒక బెంచీ, అంతే. నాకు అద్దంలో నన్ను చూసుకోవాలంటే సిగ్గు. బెంచీ మీదవాళ్లు కూడా అందులో నన్నే చూస్తున్నట్టు ఉంటుంది. చిన్నప్పుడు కటింగ్ అయ్యేదాకా కళ్లు మూసుకునేవాణ్ని. ఒకరోజు కాక ఏమీ అడగకుండా కుర్చీని రోడ్డు వైపు తిప్పేశాడు. బెంచీ మీదవాళ్లు నవ్వారు.

"వానికి ఆటోలు చూసుడంటే ఇష్టం. మీకేమైతది?" అన్నాడు.

అప్పటి నుంచి నేను లోపలికి అడుగుపెడితే చాలు, కుర్చీ తిరిగేది.

ఆయన మాట్లాడేవాడు, నేను ఊ కొట్టేవాణ్ని. మొయినాబాద్ ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు కటింగ్‌కు వస్తే, ఏం చదువుతున్నారో అడిగి చెప్పించుకునేవాడు. మెడ మీద కత్తి ఉంటే ఎవడైనా చెప్తాడని నవ్వేవాడు. విన్నవన్నీ కలిపి నాకు చెప్పేవాడు.

చలికాలంలో ప్లాస్టిక్ దువ్వెనతో నా తల గట్టిగా దువ్వి, రాలిన వెంట్రుకల మీద పెట్టేవాడు. అవి లేచి అతుక్కునేవి.

"అన్నిట్ల రెండు తీర్లున్నయిరా. ప్రోటాన్ బరువుది, నడుమ కూసుంటది, నా లెక్క. ఎలక్ట్రాన్ సన్నంది, సుట్టు తిరుగుతది, నీ లెక్క. ఒకటి ప్లస్సు, ఒకటి మైనస్సు. గందుకే గుంజుకుంటయి."

అంత గుంజుకుంటే ఎలక్ట్రాన్ పోయి ప్రోటాన్ మీద ఎందుకు పడదని అడిగాను. నేను నోరు తెరిచి ఏదైనా అడగడమే తక్కువ. కాక కత్తెర ఆపి ఆలోచించి, తెలియదురా అన్నాడు. తర్వాత వచ్చిన ప్రతి కాలేజీ పిల్లవాణ్ని అడిగాడట. ఒక్కొక్కడు ఒక్కో తీరు చెప్పాడట.

దువ్వాక నా తల మీద వెంట్రుకలు దేనికది విడిగా నిలబడేవి. వాటన్నిటికీ ఒకటే ఛార్జ్, అందుకే ఒకదాన్నొకటి దగ్గరికి రానియ్యవు అన్నాడు. నాలాంటివాళ్లు ఇద్దరు ఒక బెంచీ మీద కూర్చున్నా అంతే కదా అనుకున్నాను.

ఇంత తెలిసినా ఉరిమితే మాత్రం భయపడేవాడు. కటింగ్ సగంలో ఉన్నా సరే, కత్తెరలూ కత్తులూ రేకు డబ్బాలో పెట్టి, పైన తువ్వాల కప్పేవాడు. ఇనుము పిడుగును పిలుస్తుందని వాళ్లమ్మ చెప్పిందట. సగం తలతో నేను, పక్కన స్టూలు మీద ఆయన, వాన తగ్గేదాకా రోడ్డు చూస్తూ కూర్చునేవాళ్లం. అట్లా ఒకసారి చెప్పాడు. మబ్బులో మంచు ముక్కలు రాసుకుని, మబ్బు అడుగున మైనస్సు చేరుతుందట. దాని కిందున్న నేలకు ప్లస్సు వస్తుందట.

"పిడుగు మీదికెళ్లే పడ్తదనుకుంటరు. మైనస్సు మెట్లు దిగినట్టు దిగుతది. కిందికెళ్లి గూడ ఒకటి లేస్తది, చెట్టు కొసకెళ్లో, మనిషి నెత్తికెళ్లో. రెండు కలిస్తెనే మెరుపు. కిందిది జరంత లేస్తె సాలు." నా దిక్కు చూసి, "మనుషులతోని నువ్వు గూడ జర లెవ్వురా ఎప్పుడన్న" అన్నాడు.

ఇంకోటి కూడా చెప్పాడు. బయట ఉన్నప్పుడు వెంట్రుకలు లేస్తున్నట్టయితే చెట్టు కిందికి పోవద్దు. దగ్గర ఇల్లు లేకపోతే కాళ్లు దగ్గర పెట్టుకుని గొంతుక్కూర్చోవాలి, పడుకోవద్దు.

ఈ ఎండాకాలం పూలతోటలో చివరి సాళ్లలో ఒక్కణ్నే ఉన్నాను. మబ్బు కమ్మింది. చేతుల మీద రోమాలు లేచాయి, తలలో చీమలు పాకినట్టయింది. ఎప్పటిలా కంచె పక్క నీలగిరి చెట్టు కిందికి పోబోయి, కాక మాట గుర్తొచ్చి, సాళ్ల మధ్యనే గొంతుక్కూర్చున్నాను. పిడుగు ఆ చెట్టు మీదనే పడింది. చాలాసేపు చెవులు వినపడలేదు.

కాకకు చెప్పాలని దారంతా మాటలు కూడబెట్టుకుంటూ పోయాను. షాపు మూసి ఉంది. గుండెనొప్పి వస్తే పట్నం దవాఖానకు తీసుకుపోయారట. వచ్చాక చెబుదామనుకున్నాను. ఆయన రాలేదు. అందుకే మీకు చెబుతున్నాను. ఆయన చెప్పింది మీ పిల్లలకు చెప్పండి.

మన ఊళ్లో ఎవరు పోయినా గుండ్లు చేసింది కాకనే. ఆయన దినాలకు ఆలూరు నుంచి ఇంకొకాయన వచ్చి కాక కొడుక్కు గుండు చేశాడు. ఇప్పుడు షాపు ఆ ఆలూరాయనే తెరుస్తున్నాడు. నిన్న పోయాను. కుర్చీ అద్దం వైపే ఉంది. కూర్చుని కళ్లు మూసుకున్నాను. గుడ్డ కప్పాడు, దువ్వెన తీశాడు.

"అన్నా, కుర్చీ జర రోడ్డు దిక్కు తిప్పుతవా?"

ఎందుకన్నాడు.

"కాక గట్లనే తిప్పుతుండె."

ఆయన దువ్వెన పక్కన పెట్టాడు. తర్వాత కుర్చీ తిప్పాడు. రోడ్డు కనపడింది. బస్సు పోయింది. చేవెళ్ల వైపు మబ్బు మెరిసి, కొంచెం ఆగి ఉరిమింది. నేను తల కదపకుండా కూర్చున్నాను, కాక ఆపినట్టు ఈయనా ఆపుతాడేమోనని. వెనక కత్తెర ఆడుతూనే ఉంది.