ఓడ పుస్తకాల గుండప్ప

మా అక్క కదిరమ్మను నాగలమడికకు ఇచ్చేటప్పుడు పెళ్ళికొడుక్కి నాలుగెకరాల వేరుశనగ చేను ఉందన్నారు, మనిషి మెత్తనివాడన్నారు. పాత బొమ్మల పుస్తకాల పిచ్చి ఉందని మాత్రం ఒక్కరూ చెప్పలేదు. పెళ్ళయిన నెలకు నేను చూడబోతే, మా బావ గుండప్ప ఇంత పెద్ద గోనెసంచి నెత్తిన పెట్టుకుని బస్సు దిగుతూ కనబడ్డాడు. ఇంటికి బియ్యమో బెల్లమో తెస్తున్నాడనుకుని ఎదురెళ్ళి ఒక చెయ్యి వేశాను. విప్పి చూస్తే అన్నీ చిరిగిపోయిన బొమ్మల కథలు.

కాయలు పీకి అమ్ముకున్నాక మళ్ళీ వాన పడేదాకా ఆయనకు అదే పని. హిందూపురంలో పాత పేపర్ల అంగళ్ళన్నీ గాలించి, ఎవరో చదివి పారేసిన బొమ్మల పుస్తకాలు తూకానికి కొనేవాడు. మైదాపిండి జిగురుతో చిరుగులు అంటించి, ఊడిన అట్టలు దబ్బనంతో కుట్టి, సంతలోనూ జాతరలోనూ పట్టా పరిచి సగం ధరకు అమ్మేవాడు. చదివి తెచ్చిచ్చిన వాళ్ళ దగ్గర ఆ సగంలో సగానికి తనే తిరిగి కొనేవాడు. ఇందులో నీకు మిగిలేదేమిటి బావా అని అడిగితే, "పుస్తకం మిగుల్తాది గదరా" అనేవాడు. ఇలాంటి జవాబులు వినీ వినీ నాకు ముప్పై ఏళ్ళకే తల నెరిసింది.

ఇంకో తలనొప్పి కూడా ఉంది. నాగలమడిక ఉన్న పావగడ తాలూకా కర్ణాటకలోది, ఇంట్లో మాట తెలుగు, బళ్ళో చదువు కన్నడం. హిందూపురం నుంచి వచ్చేవి తెలుగు పుస్తకాలు. చదివి వినిపిస్తే పిల్లలకు అర్థమవుతుంది, చదవమంటే అక్షరం పట్టుబడదు. అందుకని మా బావ ప్రతి బొమ్మ కిందా పెన్సిలుతో, తెలుగు మాటలనే కన్నడ అక్షరాల్లో రాసిపెట్టేవాడు. అచ్చులో ఉన్నదే రాస్తున్నాడని ఊరంతా అనుకుంది, నేనూ అనుకున్నాను. అక్క ఒక్కతే చేలో కలుపు తీస్తుంటే ఈ మహానుభావుడు అరుగు మీద బోర్లా పడుకుని పెన్సిలు చెక్కుకుంటూ ఉండేవాడు. నాకు ఒళ్ళు మండి ఆ పుస్తకాలు తెరిచి కూడా చూసేవాణ్ణి కాదు.

వాటిలో నలభై రెండు పుస్తకాలు ఒకే వరస. ఎప్పుడో మద్రాసులో అచ్చయి ఆగిపోయినవి. ఒక ఓడ కెప్టెను, చెవి తెగిన ఆయన కుక్క, ఎటు చూసినా సముద్రం. పక్కనే పెన్న ఉన్నా ఏరు పారడం, చెరువు నిండటం చూసి ఏళ్ళయిన ఊళ్ళో పిల్లలు ఆ ఓడ పుస్తకాల కోసం కొట్టుకునేవాళ్ళు. మిగతావి అమ్మినా వాటిని మాత్రం ఆయన అమ్మేవాడు కాదు. రెండు రోజులు చదవనిచ్చి, వెనక్కి తీసుకుని, ట్రంకుపెట్టెలో వేపాకు మధ్య దాచేవాడు.

ఎనభై ఆరులో సంగతి. అంతకుముందు ఏడు పంట పోయింది. విత్తనానికి ఉంచిన కాయలు ఎండాకాలంలో కడుపులకే సరిపోయాయి. మృగశిర కార్తెలో మంచి వాన పడింది. ఆరుద్ర దాటేలోగా విత్తుకోవాలి, ఇంట్లో గింజ లేదు. నేను మడకశిరలో ఎరువుల అంగడి గుమాస్తాను. అక్క అక్కడికి వచ్చి, కొట్టు మెట్ల మీద కూర్చుంది.

"ఊరంతా విత్తుతా ఉండారు శ్రీరామా. మా చేను ఒగటే బీడు. ఈ ఏడు విత్తకపోతే నేను ఈ ఊర్లో ఉండేది లేదు, కూలికి బెంగుళూరికి పోయేదే" అని ఏడ్చింది. మా అక్క ఏడవటం నేను చూడటం అదే మొదలు. ఆరు మూటల విత్తనం కాయలు ఎలాగైనా చేర్చాలని ఆ పూటే అనుకున్నాను.

నాకు వెంకటరామప్ప గుర్తొచ్చారు. సొంతూరు మడకశిర, ఉద్యోగం బెంగళూరులో. చిన్నప్పుడు చదివిన ఓడ పుస్తకాలు మొత్తం వరస ఎక్కడైనా దొరికితే ఎంతయినా ఇస్తానని కొట్టుకు వచ్చినప్పుడల్లా అనేవారు. అవి మా బావ పెట్టెలోనే ఉన్నాయని నేను ఏనాడూ నోరు విప్పలేదు. మా ఇంటి పిచ్చి పదిమందికీ తెలియడమెందుకని సిగ్గు. ఆ సిగ్గు పక్కనపెట్టి ఆయన్ను బుధవారం నాడు నాగలమడికకు తీసుకెళ్ళాను.

మొదటి పుస్తకం అట్ట చూడగానే ఆయన మొహం వెలిగింది. తెరిచి చూడగానే మాడిపోయింది.

"అయ్యో, ఇదేందప్పా! పుస్తకం నిండా ఈ రాతలేంది? ఎవరు రాసింది?"

"నేనే స్వామీ" అన్నాడు మా బావ, బహుమతి ఇస్తారేమో అన్నంత సంబరంగా.

వెంకటరామప్ప అన్నీ తిరగేశారు. చివరి పుస్తకం ఒక్కటే శుభ్రంగా ఉంది. "పేజీలు చిరక్కుండా ఈ రాతలంతా తుడిపేస్తే మొత్తం తీసుకుంటా. లేకుంటే ఒకటీ వద్దు. ఆదివారం వస్తా" అన్నారు. ఆయన ఇస్తానన్నదానితో ఆరు మూటలూ వస్తాయి.

బావ అడ్డం తిరుగుతాడు, ఎలా ఒప్పించాలా అని నేను దారంతా మాటలు కూడబెట్టుకుని వచ్చాను. ఆయన నింపాదిగా, "దానికేం స్వామీ, పెన్సిలే గదా, పోతాది" అన్నాడు. పోట్లాటకు కూడా పనికిరాని మనిషి!

గురువారం పొద్దున్నే ముగ్గురం అరుగు మీద కూర్చున్నాం. ఊళ్ళో అంగడిలో ఉన్న రబ్బర్లన్నీ తెచ్చాను. గట్టిగా రుద్దితే కాగితం చిరుగుతుంది, మెల్లగా రుద్దితే పెన్సిలు పోదు. నేను తెలుగు చదివినవాణ్ణి, సరిహద్దు ఊరు గనుక కన్నడమూ వచ్చు. మొదటి పేజీలో రబ్బరు పెట్టబోతూ కింద రాత చదివాను, పైన అచ్చు చదివాను. మళ్ళీ చదివాను.

అచ్చులో కెప్టెను, "శత్రువులు వస్తున్నారు, ఫిరంగులు సిద్ధం చేయండి!" అంటున్నాడు. కింద పెన్సిలు రాతలో అదే కెప్టెను కుక్కతో, "ఏమి కరియా, ఈ పెన్నలో నీళ్ళు ఎంత లోతుండాయి? మన ఓడ నాగలమడిక దాంకా పోతాదంటావా?" అంటున్నాడు. కుక్క, "పోతాది ఓడప్పా, నువ్వు నడుపు" అని జవాబిస్తోంది.

"బావా, ఏంది ఇది? అచ్చులో ఉండేది వేరే, నువ్వు రాసింది వేరే!"

"నాకు తెలుగు అక్షరాలు సరిగా రావు గదరా" అన్నాడు తలెత్తకుండా. "బొమ్మలేసినోడు చేత్తో రాసిన అక్షరాలవి, సగం తెలిసె, సగం తెలీకపోయె. సగం కత పిల్లోళ్ళకి ఏమని చెప్పేది? బొమ్మలు చూసి నేనే రాసినా."

"నలభై పుస్తకాలకా?"

"నలభై ఒగటి."

నెత్తి కొట్టుకున్నాను. ఇన్నేళ్ళుగా తాలూకా పిల్లలంతా చదివింది ఈయన సొంత కథ! మోసం కదా ఇది అని అరిచాను. నువ్వు అక్షరాలు రానివాడివని ఒక్కసారి చెబితే నేను వచ్చి చదివేవాణ్ణి కదా అన్నాను. "నువ్వు పుస్తకం ముట్టుకునేటోడివా?" అన్నాడు. దానికి ఇంకా గట్టిగా అరిచాను. ఆయన రబ్బరు అరుగు మీద పెట్టి, విత్తనానికి చేను దున్నడానికి పోయాడు, ఆ మూడు రోజులూ పగలంతా చేలోనే.

అక్క చేటలో రబ్బరు పొట్టు ఎత్తుతూ, "తర్వాత ఏమాయరా?" అంది.

"ఏది?"

"ఆ ఓడ. చదివి రుద్దు."

అక్కకు ఏ అక్షరమూ రాదు. తిట్టడమే గాని ఆ పుస్తకాల్లో ఏముందో ఆమెకూ తెలియదు. సరేనని చదువుతూ రుద్దాను, రుద్దుతూ చదివాను. ఓడ సముద్రంలోంచి నెల్లూరు దగ్గర పెన్నలోకి తిరిగింది. తుఫాను బొమ్మలన్నీ గండికోట లోయ అయ్యాయి. నరమాంసం తినేవాళ్ళ దీవి తాడిపత్రి సంత అయింది. వాళ్ళ చేతుల్లో ఎముకలు చెరుకు గడలట. ఓడ నిండా నీళ్ళు. ఓడప్ప వాటిని ఎండిన ఊళ్ళకు పోస్తూ వస్తున్నాడు. నవ్వకూడదని పళ్ళు బిగించాను. అక్క మాత్రం చేట పక్కన పడేసి నవ్వింది, ఒకచోట కళ్ళు తుడుచుకుంది. మూడు రోజులు పట్టింది. శనివారం మధ్యాహ్నానికి నలభై ఒకటో పుస్తకంలో ఓడ పెన్న మీది పేరూరు ఆనకట్ట కింద ఆగింది. కట్ట దాటితే నాగలమడికే. నలభై రెండో పుస్తకంలో రాత లేదు.

"ఇది రాయలేదేం?" అని, చేని నుంచి అప్పుడే వచ్చిన బావను అడిగాను.

"ఏరు వస్తే గదా ఓడ కట్ట దాటేది? ఏరొచ్చినప్పుడు చూసి రాద్దామని పెట్టినా. మూడేండ్లాయె."

అక్క చేట మళ్ళీ చేతికి తీసుకుంది. "రుద్దేయ్ రా. విత్తనం కావల్ల" అంది. ఆఖరి పేజీ రుద్దేశాను.

ఆదివారం వెంకటరామప్ప వచ్చి, ఒక్కొక్కటే వెలుతురులో పట్టి చూసి, పుస్తకాలు తీసుకెళ్ళారు. సోమవారం కాయల మూటలు నేనే బస్సు మీద వేయించి తెచ్చాను. ఆరుద్ర కార్తెలోనే విత్తారు. మొలక బాగా వచ్చింది. నేనే ఆ ఇంటిని నిలబెట్టినట్టు మడకశిరలో నలుగురికీ చెప్పుకున్నాను.

తర్వాత వాన మొహం చాటేసింది. కాయ కట్టడానికి ఊడలు నేలలోకి దిగే వేళకు నేల రాయిలా గట్టిపడింది. అక్టోబరులో వేరుశనగ తీగ పీకుతుంటే సాయానికి వెళ్ళాను. చెట్టుకు ఒకటో రెండో కాయలు, అవీ తాలు. పశువులకు మేతైనా అవుతుందని పీకుతున్నాం. అక్క తల గుడ్డ మొహం మీదికి లాక్కుని దూరంగా పీకుతోంది. మా బావ ఎప్పటిలాగే ఏమీ జరగనట్టు పీకుతున్నాడు. నాకు భరించడం కష్టమైంది.

"నన్ను ఒక మాట తిట్టు బావా. నీ పుస్తకాలు అమ్మించింది నేనే గదా. అవీ పాయ, విత్తనమూ పాయ."

"యాల తిట్టేది? విత్తకుంటే మీ అక్క ఏడుస్తా ఉండె. విత్తినాము. వాన రాకుంటే నువ్వేం చేస్తావు?" అన్నాడు. ఇంకో రెండు చెట్లు పీకి, మట్టి దులిపి, "అది సరే గానీ శ్రీరామా, చానా దినాల నుంచి అడగల్లనుకుంటా ఉండా. ఆ పుస్తకాల్లో అచ్చులో ఏం కత ఉండె? నలభై రెండూ నీ చేతి మీదనే పాయ గదా. చెప్పు వింటా" అన్నాడు.

చెబుదామని నోరు తెరిచాను. ఫిరంగుల మాట ఒక్కటి గుర్తొచ్చింది. ఆ తర్వాత ఎంత వెతికినా గండికోట లోయ, చెరుకు గడలు, మాట్లాడే కుక్క. తెలుగు వచ్చినవాణ్ణి, మూడు రోజులు ఆ పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నవాణ్ణి.

"అచ్చు నేను చదవలేదు బావా."

"మరి మూడు దినాలు ఏంది చదివినావు?"

"నువ్వు రాసింది."

ఆయన చేతిలో తీగ అలాగే పట్టుకుని నా వైపు చూశాడు. మెల్లగా గట్టు మీద కూర్చున్నాడు. పెళ్ళినాటి నుంచి ఆ పూట దాకా ఆయన మొహంలో కోపం గాని దుఃఖం గాని నేను చూసి ఎరగను.

"చదివినావు" అన్నాడు. "చదివీ రుద్దేసినావు."

తిట్టమన్నది నేనే. ఆ తర్వాత తీగ పీకడానికి నాకు చేతులు రాలేదు.