ఆగే అంటే ఆగని పోరి

‘ఆగే, ఆగే’ అని నేను అరుస్తున్న కొద్దీ గుర్రం వేగం పెంచింది. రెండు వైపులా మనిషెత్తు చెరకు, మధ్యలో బండిబాట, ఆ బాట చివర కాలువ మీద పాత వంతెన. ఆ వంతెన మీద కాలు పెట్టనని రెండు నెలలుగా మొండికేసిన గుర్రం ఇది. పగ్గాలు ఎప్పుడో చేతిలోంచి జారిపోయాయి. రెండు గుప్పిళ్ళ నిండా జూలు, నోటి నిండా కూడా జూలే. ఇది వంతెన దగ్గర ఠక్కున నిలబడితే నేనొక్కణ్ణే కాలువలో పడతాను, నిలబడకపోతే ఇద్దరం కలిసి పడతాం. అంతకు మించి ఏమీ తోచలేదు. అందుకని ఇంకా గట్టిగా ‘ఆగే’ అన్నాను. అది ఇంకా గట్టిగా ఉరికింది.

ఆ రోజుల్లో, విలేకరి అన్నవాడు దేనికీ ‘తెలియదు’ అనకూడదని నాకో నమ్మకం ఉండేది. పత్రికలో చేరి ఏడాది కాలేదు. చక్కెర ఫ్యాక్టరీ ముందు చెరకు ట్రాక్టర్ల వరుస గురించి అడిగినా, కాలువ నీళ్ళ తగాదా గురించి అడిగినా తల ఊపేవాణ్ణి. అలా తల ఊపడం వల్లే గుర్రమెక్కాను. బోధన్‌లో మేం అద్దెకున్న గల్లీ చివర, పెళ్ళి ఊరేగింపులకు గుర్రం నడిపే ఒకాయన ఉండేవాడు. ఊరంతా ఆయన్ను బారాత్ అన్న అనేది. ఆయన తెల్ల గుర్రం పేరు అవ్వ. చుట్టుపక్కల ఊళ్ళలో సగం మంది మగవాళ్ళు అవ్వ వీపు మీదనే పెళ్ళికొడుకులయ్యారు. (మా సబ్‌ఎడిటర్ కూడా. దిగకుండా అట్లనే ఊరు దాటి పోవాల్సిందని ఆయన తర్వాత చాలాసార్లు అన్నాడు.) అవ్వకు వయసు మీద పడి మోకాళ్ళు పట్టేశాయి. దాని జాగాలోకి అన్న మహారాష్ట్ర వైపు సంత నుంచి గోధుమ రంగు ఆడ గుర్రప్పిల్లను ఒకదాన్ని తెచ్చాడు. నాలుగేళ్ళు నిండలేదు. నుదుటి మీద తెల్ల చుక్క. పేరు పెట్టే తీరిక లేక, ఆడపిల్లే గదా అని పోరి అన్నాడు, అదే ఖాయమైంది.

పోరికి అన్నీ భయమే. ముళ్ళకంపకు తగులుకున్న ప్లాస్టిక్ కవరు, గాలికి చెరకు ఆకుల గలగల, ఒక్కోసారి తన నీడ. అన్నిటికంటే వంతెన. రెండు బండల నడుమ నాలుగు వేళ్ళ సందు, అందులోంచి కింద నీళ్ళ మెరుపు కనబడేది. అది చూడగానే నాలుగు కాళ్ళూ నేలలో పాతేసుకునేది. ఆ వంతెన అవతల, రెంజల్ దారిలో ఒక ఊరి పెళ్ళికి అన్న అప్పటికే మాటిచ్చేశాడు. అంత దూరం అవ్వ నడవలేదు.

“కాలువ దాటని గుర్రం మన జిల్లాల ఎవలికి అక్కెర తమ్మీ? ఈ పెండ్లి దాక సూస్త. దాటకపోతే మల్ల గదే సంతల కట్టేసి రావాలె.”

ఈ మాట ఆయన నా మొహం చూసి అనలేదు, పోరి జూలు దువ్వుతూ అన్నాడు. అవ్వ పని అయిపోయింది, పోరి పనికిరాకుండా పోతే ఆయన బారాత్ అన్న కాకుండా పోతాడు. ఆ సంగతి గల్లీలో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. సవారీ వస్తదా అని ఆయన అడిగినప్పుడు నేను తల ఊపింది అందుకే అని రాసుకోవచ్చు గానీ, అబద్ధం. గొప్ప కోసమే ఊపాను. మా తాతకు గుర్రం ఉండేదని కూడా చెప్పాను. (తాతకు ఉన్నది ఎద్దుబండి. ఆయన పెళ్ళి ఫోటోలో వెనక తెర మీద గుర్రం బొమ్మ ఉండేది.) అన్నకు మా తాతకంటే నా బరువు నచ్చింది. అప్పుడు నేను నలభై ఎనిమిది కిలోలు.

ఆదివారం పొద్దున్నే ముగ్గురం కాలువ దాకా బయలుదేరేవాళ్ళం. ముందు అవ్వ మీద అన్న, వెనక పోరి మీద నేను, ఆ వెనక సైకిల్ మీద నా గదిలోనే ఉండే దోస్తు బాకా. బ్యాండులో బాకా ఊదేవాడు గనక ఆ పేరు. ఊరేగింపు చప్పుడుకు పోరిని అలవాటు చేయడం వాడి పని. మొదటి ఆదివారం చాలా దూరం నుంచి ఊదాడు, రెండో ఆదివారం కొంచెం దగ్గరికి వచ్చాడు. అట్లా వారం వారం జరుగుతూ చివరికి పోరి తోక దాకా వచ్చాడు. అన్న చేతిలో కొరడా ఎన్నడూ చూడలేదు. పోరి దేన్ని చూసి బెదిరినా లాగేవాడు కాదు, కొట్టేవాడు కాదు, అవ్వను పక్కన నిలబెట్టి ఊరుకునేవాడు. “సూడనియ్ తమ్మీ. మంచిగ సూసినంక భయం సగమైతది” అనేవాడు. ఒకసారి చెరకు ట్రాక్టరు ఎదురొస్తే పోరి వణుకుతూ అవ్వ పక్కటెముకలకు తల ఆనించింది. అవ్వ కదలలేదు, ఒక చెవి మాత్రం దాని వైపు తిప్పి ఉంచింది. ట్రాక్టరు పోయింది. జీను కింద ఆ వణుకు మెల్లమెల్లగా తగ్గి ఆగిపోవడం నా తొడలకు తెలిసింది. కలెక్టర్లను, మంత్రులను దగ్గర నుంచి చూశాను గానీ, ఒక జీవి ఇంకో జీవికి మాట లేకుండా ధైర్యం చెప్పడం అప్పుడే చూశాను.

నా సంగతి కూడా అన్న మొదటివారమే కనిపెట్టాడు. “నీ గుండె కొట్టుకునుడు దానికి జీను కిందికెల్లి ఇనవడ్తది. మీ తాత గుర్రం సంగతి నాకు చెప్పు, దానికి చెప్పకు.” అంతే, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఇంకో జాగ్రత్త కూడా చెప్పాడు. పోరికి తెలుగు రాదు. సంత దగ్గర సాకినవాళ్ళు నేర్పిన రెండే మాటలు దానికి తెలుసు: నిలబడాలంటే మరాఠీలో ‘థాంబ్’, ముందుకు పోవాలంటే హిందీలో ‘ఆగే’. ఈ రెండూ నా నోటుబుక్కులో రాసుకుని కింద గీత కూడా గీశాను.

పెళ్ళికి వారం ఉందనగా వచ్చిన ఆదివారం అది. వంతెనకు కొంత ఇవతల అవ్వ జీను పట్టీ వదులైందని అన్న దిగాడు. నేను పోరిని పక్కన నిలబెట్టాను. వెనక బాకా ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో బాకా నోటికి ఆనించుకుని వస్తున్నాడు. బాట మీద పడి ఉన్న చెరకు గడ సైకిల్ చక్రం కిందికి వచ్చింది. వాడు పడ్డాడు. పడేటప్పుడు బాకా నోట్లోనే ఉంది. వాడి ఊపిరంతా ఒక్కసారి అందులోంచి బయటికొచ్చింది. అలాంటి స్వరం ఏ పెళ్ళిలోనూ వినలేదు, పోరి కూడా విని ఉండదు. నోటుబుక్కు జేబులోనే ఉంది. నా నోట్లోకి మాత్రం మా అమ్మ, మా అక్క, మా గల్లీ అంతా ఆడపిల్లలను ఆపే తెలుగు వచ్చింది: ‘ఆగే!’

నిలబడవే అని నేను బతిమిలాడుతున్నాను. ముందుకు పద అని పోరికి వినబడుతోంది. పైనున్నవాడు ఇంత నమ్మకంగా, ఇన్నిసార్లు పొమ్మంటున్నాడంటే ముందర భయపడాల్సిందేమీ లేదనుకుందో ఏమో. వంతెన వచ్చింది. కళ్ళు మూసుకున్నాను. బండల మీద గిట్టల చప్పుడు నాలుగుసార్లు వినబడింది, తర్వాత ఒక్క క్షణం ఏమీ వినబడలేదు, తర్వాత మెత్తటి మట్టి. కళ్ళు తెరిచేసరికి అవతలి గట్టు మీద ఉన్నాం. పోరి తనంతట తానే నిలబడింది. నేను దాని మెడ చుట్టూ కట్టిన తువ్వాలలా వేలాడుతున్నాను.

ఇవతలి గట్టు మీదికి అన్న, అవ్వ, మోచేయి పట్టుకుని బాకా చేరారు. అవ్వ ఒకసారి సకిలించింది. పోరి జవాబిచ్చి, నెమ్మదిగా వెనక్కి తిరిగింది. పగ్గాలు కింద వేలాడుతున్నాయి, నా గుప్పిళ్ళలో ఇంకా జూలే ఉంది. అది వంతెన మీదికి వచ్చి బండల సందు దగ్గర ఆగింది. తల దించింది. కింద మెరుస్తున్న నీళ్ళను చాలాసేపు చూసింది. దాని ఊపిరికి సందులోని దుమ్ము లేచింది. రెండు చెవులూ ముందుకు వచ్చాయి. తర్వాత ముందరి కాలు ఎత్తి, మనం వాకిట్లో ముగ్గు తొక్కకుండా దాటినట్టు, ఆ సందు దాటింది. వీపు మీద ఉన్నది నేనే అయినా, ఆ దాటడంలో నా పాత్ర ఏమీ లేదు. ఇన్నేళ్ళలో చాలా శంకుస్థాపనలకు, ప్రారంభోత్సవాలకు వెళ్ళాను. ఒక వంతెన నా కళ్ళ ముందు ప్రారంభమైంది అదొక్కసారే.

అన్న భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకుని, పోరి నుదుటి చుక్క మీద చెయ్యి పెట్టాడు. తర్వాత నన్ను అడిగాడు.

“ఇంతకు దానితోని ఏమన్నవ్?”

“‘ఆగే’ అని అన్న.”

ఆయన నవ్వడం మొదలుపెట్టి బాట మీదనే కూర్చుండిపోయాడు. “మల్ల అది నీ మాట ఇన్నదిరా. ఇన్ని దినాలల్ల మొదటిపారి ఇన్నది.”

పెళ్ళికి పోరి వంతెన దాటింది, పెళ్ళికొడుకును మోసింది, బాకా దాని చెవి పక్కనే ఊదినా తల తిప్పలేదు. ఊరేగింపులో ఎవరూ ‘ఆగే’ అనవద్దని, ఆపాలంటే ‘థాంబ్’ అనాలని అన్న రెండు వైపుల చుట్టాలకూ ముందే చెప్పి పెట్టాడు. ఆ ఊళ్ళో పిల్లలు ఆ తర్వాత చాలాకాలం బస్సును కూడా ‘థాంబ్’ అనే ఆపేవారట.

పోయిన నెల బోధన్ వెళ్ళాను. ఇప్పుడు పోరి మోకాళ్ళే పట్టేశాయి, దాన్నే అవ్వ అంటున్నారు. అన్న గడ్డం పూర్తిగా తెల్లబడింది. పోరి పక్కన కొత్తగా తెచ్చిన నల్ల పిల్ల ఒకటి, మూడేళ్ళది, నా చొక్కా రంగు చూసి బెదిరి దాని వెనక్కి పోయింది. నా బరువు ఎనభై రెండు కిలోలు. సవారీ వస్తదా అని ఈసారి ఎవరూ అడగలేదు. (అడిగితే తల ఊపేవాణ్ణే.) ఆ ఆదివారం సంగతి మళ్ళీ వచ్చింది. అదంతా నా మాట మహిమ అని నేను, తన బాకా మహిమ అని ఫోన్‌లో బాకా, రెండు నెలలు పాత అవ్వ వెనక నడిపించిన ఫలమని అన్న. ఇన్నేళ్ళయినా ఏదీ తేలలేదు. తేల్చగలిగింది చెరకాకు నములుతోంది. పోరి చెవి దగ్గరికి పోయి మెల్లగా ‘ఆగే’ అన్నాను. అది నమలడం ఆపి, నా వైపు ఒక చెవి తిప్పి, అట్లనే ఉంచింది.

నల్ల పిల్ల ఇంకా వంతెన దాటలేదు.