పద్దెనిమిది శాతం

ఆ బజారులో కంప్యూటర్లు బాగుచేసేవాళ్లు అరడజను మంది. అందులో మొండిఘటం మాత్రం ఒక్కడే. అందరూ ఆయన్ని పద్దెనిమిది శాతం గారు అంటారు. అసలు పేరుతో పిలిస్తే ఎవరినో పిలుస్తున్నారనుకుని ఆయనే పక్కకి చూస్తాడు. ఆ పేరు పెట్టింది మరెవరో కాదు, కట్టుకున్న భార్యే.

కంప్యూటర్ తెర మీదికి బొమ్మని తెచ్చే గ్రాఫిక్స్ కార్డులు రెండిట్లో ఏది మేలో చెప్పమంటే మిగతావాళ్లు అట్టపెట్టె మీద రాసింది చదివి చెప్పేస్తారు. ఈయన అలాంటివాడా! ఒకే కంప్యూటర్, ఒకే తెర, కార్డు ఒక్కటే మారాలి. కిటికీ మూసేయాలి, ఫ్యాను ఆపేయాలి. గాలి తగిలితే కార్డు చల్లబడి లెక్క తేడా వస్తుందట. అప్పుడు కార్ల పందెం ఆట ఒకదాన్ని ఒక్కో కార్డు మీద మూడేసి సార్లు నడిపి, సెకనుకి ఎన్ని బొమ్మలు వస్తున్నాయో నోటుబుక్కులో రాస్తాడు. ఒకసారి కొలిస్తే పుకారు, రెండుసార్లు కొలిస్తే అనుమానం, మూడోసారికి గానీ లెక్క కాదంటాడు. "అయ్యా, మేం కొనుక్కోవడానికి వచ్చాం, ఉడకడానికి కాదు" అని చెమటలు తుడుచుకుంటూ నవ్వేవాళ్లు కొనడానికి వచ్చినవాళ్లు. నవ్వినా మళ్లీ ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు.

భార్య కొట్టు వెనక గదిలో పనిచేసేది. కట్టబోయే ఇళ్లకి గదులు ఎలా ఉంటాయో కంప్యూటర్‌లో ముందే బొమ్మ గీసి చూపించడం ఆమె పని. కిటికీలోంచి ఎండ ఎక్కడిదాకా పడుతుందో, పరదా నీడ నేల మీద ఎలా ఉంటుందో అంతా ఆ బొమ్మలో ఉండాలి. గీయడం ఒక ఎత్తు. గీసినదాన్ని కంప్యూటర్ పూర్తి బొమ్మగా తయారుచేసేదాకా కాచుకోవడం ఇంకో ఎత్తు.

ఒకరోజు ఆమె గుమ్మంలో నిలబడి, "ఏవండీ, ఈ కార్డు నా పనికి చాలట్లేదేమో చూడండి" అంది. అప్పుడే కొత్త రకం కార్డు వచ్చింది. ఆయన ఎప్పటిలాగే కిటికీ మూశాడు, ఫ్యాను ఆపాడు. ఆట నడిపితే సెకనుకి పాతదానికి డెబ్బై రెండు బొమ్మలు, కొత్తదానికి ఎనభై అయిదు. "పద్దెనిమిది శాతం తేడా. ఈ మాత్రానికి మార్చడం దండగ" అని తేల్చేశాడు. "లెక్క మీది, నమ్మకం నాది" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది. మర్నాడు టీ ఇస్తూ, "పంచదార పద్దెనిమిది శాతం తగ్గింది, ఈ మాత్రానికి మళ్లీ కలపడం దండగ" అంది. ఎదురుగా ఉన్నవాళ్లు ఘొల్లుమన్నారు. పేరు అలా అతుక్కుపోయింది.

కంప్యూటర్ తన పని తాను చేసుకుంటున్నంతసేపూ ఆమె బయటికొచ్చి ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని కబుర్లు చెప్పేది. ఆయన స్క్రూలు బిగిస్తూ ఒక చెవి ఇటు పడేసేవాడు. ఎక్కువైతే "ఉండవోయ్, లెక్క తప్పుతోంది" అనేవాడు. పాపిష్టి లెక్క.

ఆమె ఆఖరి రోజున ఉదయం నుంచీ ఛాతీలో బరువుగా ఉందంటూనే ఉంది. పని కాగానే డాక్టరు దగ్గరికి వెళ్దామనుకున్నారు. ఒక పిల్లల గది బొమ్మ సాయంత్రంలోగా ఇవ్వాలి. నాలుగూ ఇరవైకి మీట నొక్కి వచ్చి స్టూలు మీద కూర్చుంది. "ఇప్పుడే వెళ్దామా?" అన్నాడాయన. "అరగంటేగా, ఏముంది, సర్దుకుంటాను. అది రాగానే వెళ్దాం" అంది. "సరే" అన్నాడాయన. ఆయన బల్ల మీద కూడా రెండో కొలత నడుస్తోంది, మూడోది మిగిలే ఉంది. ఫ్యాను ఆపి ఉంది. నాలుగూ యాభైకి ఆమె ఆయన భుజం మీదికి ఒరిగిపోయింది. నిద్రొచ్చిందేమో అనుకున్నాడు.

ఆసుపత్రిలో డాక్టరు, "కాస్త ముందు తీసుకురావాల్సింది" అన్నాడు. వెనక గదిలో బొమ్మ అయిదూ ఒకటికి పూర్తయింది. చూడ్డానికి ఎవరూ లేరు.

తర్వాత మూడేళ్లూ ఆయన ఆ కంప్యూటర్ మీద గుడ్డ కప్పి ఉంచాడు. కొట్టు మాత్రం నడిపాడు. ఎవరడిగినా అదే ఆట, అదే పద్దెనిమిది.

మొన్న ఓ అమ్మాయి వచ్చింది. ఆమెదీ గదుల బొమ్మలు గీసే పనే. ఆమె తెచ్చిన కంప్యూటర్‌లోనూ ఆ పాత రకం కార్డే, కొత్తది వేయించాలా అని అడిగింది. ఆయన నోటుబుక్కు తెరిచి పద్దెనిమిది చూపించాడు. ఆమె చూసి, "ఇది ఆట మీద కదండీ? నా పని లాంటిదాని మీద ఎప్పుడైనా చూశారా?" అని అడిగింది.

ఆయన నోటుబుక్కు మూసేశాడు. ఇరవై ఏళ్లుగా కొలుస్తున్నాడు. ఆటగాళ్లకి కావలసింది కొలిచి, ఆ లెక్కనే ఇంటావిడకీ అంటగట్టాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నాడు. "రేపు రామ్మా, చూసి చెప్తాను" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే గుడ్డ తీశాడు. కిటికీ మూశాడు. ఆమె బొమ్మలు వందల్లో ఉన్నా, చెయ్యి ఆ పిల్లల గది మీదికే వెళ్లింది. పాత కార్డు మీద నలభై ఒక్క నిమిషాలు. ఆ సంగతి ఆయనకి తెలిసిందే. కొత్త కార్డు పెట్టి మీట నొక్కాడు. లేచి టీ కాచుకుని, గ్లాసుతో వచ్చేసరికే నీలం పరదా, దాని నీడ, మంచం కింద చిన్న చెప్పులు, అన్నీ వచ్చేసి ఉన్నాయి. తొమ్మిది నిమిషాలు.

పాత కార్డులో మెమరీ, అంటే బొమ్మని పెట్టుకునే చోటు, తక్కువ. ఆట చిన్నది కాబట్టి అందులో పట్టేది. ఆమె బొమ్మలు పట్టేవి కావు. చిన్న బల్ల మీద పెద్ద దుప్పటి కత్తిరించినట్టు, కొంచెం కొంచెం లాక్కుని చేసుకోవాల్సి వచ్చేది. ఇంత చిన్న సంగతి, ఈ విద్య తెలిసిన మనిషికి తట్టలేదు.

ఒకసారి కొలిస్తే పుకారే కదా. జీవితంలో మొదటిసారి తన లెక్క తప్పు కావాలని ఆయన కోరుకున్నాడు. రెండోసారి నడిపాడు. తొమ్మిది. మళ్లీ పాతది పెట్టాడు, నలభై ఒకటి. మూడోసారీ అంతే. నాలుగోసారి కూడా కొలిచాడు. నాలుగూ ఇరవైకి తొమ్మిది కలిపితే నాలుగూ ఇరవై తొమ్మిది. అప్పటికి ఆమె మాట్లాడుతూనే ఉంది. బయల్దేరితే ఏమయ్యేదో దేవుడికి తెలియాలి, కానీ బయల్దేరి ఉండేవాళ్లు. ఆయన ఖాళీ స్టూలు మీద చెయ్యి వేసి వెక్కి వెక్కి ఏడ్చాడు.

మధ్యాహ్నం అమ్మాయి వచ్చింది. "ఎంత తేడా వచ్చిందండీ?"

"ముప్పై రెండు నిమిషాలమ్మా."

అమ్మాయి తేలిగ్గా నవ్వేసింది. "ఓస్, అరగంటేగా! ఏముంది, సర్దుకుంటాను. పాతదే ఉంచేయండి."

ఆయన నోటుబుక్కు పక్కన పెట్టేశాడు.

"వద్దు తల్లీ" అన్నాడు. "మా ఆవిడా అదే మాట అంది. నేను సరేనన్నాను."

అమ్మాయి నవ్వు ఆగిపోయింది. ఆయన కొత్త కార్డు తీసి ఆమె కంప్యూటర్‌లో బిగించడం మొదలుపెట్టాడు. స్క్రూ రెండుసార్లు కిందపడింది. మూడోసారి అమ్మాయే తీసి అందించి, స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చుంది. ఆయన లేచి వెళ్లి ఫ్యాను వేశాడు.