మా అమ్మ మీద కేసు

మేడ్చల్ స్టేషన్ ప్లాట్‌ఫారం చివర గోడకు ఒక కంత ఉంది. రైల్వేవాళ్లు దానికి రేకు కొడతారు, మేము వంచుతాం. ఏళ్లుగా ఇదే వరస. ఆ పొద్దున షిఫ్టు బస్సు అందుకోవాలని అందులోంచి దూరి పట్టాల మీద కాలు పెట్టానో లేదో, రైల్వే పోలీసు పట్టుకున్నాడు. రైల్వే కోర్టుకు తీసుకుపోయేదాకా బెంచీ మీద కూర్చోమన్నాడు.

"నేను దాటలే సార్. దేవరయాంజాల్ కాడికెళ్లి అడవిపంది తరుముకొచ్చి గిటు ఇసిరేసింది."

"పంది ఏది మరి?"

"కేసైతదని గోడవతల్నే ఆగింది."

అతను కడుపారా నవ్వాడు. "ఇంకోటి జెప్పు కాకా, టైం పోతాంది" అన్నాడు గానీ కదలనివ్వలేదు.

నాకు కుదురు లేదు. కాసేపట్లో మా అమ్మ చల్ల ముంతతో అదే కంతలోంచి వస్తుంది. ఒంటి లైను రోజుల మనిషి. రైలు పోయిందంటే దారి ఖాళీ అయినట్టే ఆమెకు. చివరి పెట్టె దాటగానే నడక మొదలుపెడుతుంది. ఇప్పుడు లైన్లు రెండు. పోయే రైలు చాటున వచ్చే రైలు కనబడదు. ఆ మాట చెబితే, "నీ కతలు నాకాడ జెప్పకు" అంటుంది.

ముందు లైను మీద గూడ్సు వచ్చింది. అవతలి లైనుకు లోకల్ వస్తోందని మైకు చెప్పింది. కంతలోంచి అమ్మ తల కనబడింది.

"సార్, మా అమ్మ. గూడ్సు పోంగనే దాటుతది. ఆపొస్త."

"పందైపోయింది, ఇగ అమ్మనా? కూసో."

లేవబోతే భుజం పట్టి కూర్చోబెట్టాడు. గూడ్సు చప్పుడులో నా అరుపు ఎక్కడికీ పోలేదు. పెట్టెలు తరుగుతున్నాయి.

"గా ముసలామెను సూడు సార్. రోజూ గిట్లనే దాటుతది. నేనొక్కన్నే దొరికిన్నా? ఆమెను గూడ పట్టుకో."

ఆ మాట నమ్మాడు. కంకర ఎగిరేలా ఉరికాడు, వెనకే నేను. చివరి పెట్టె పోతుండగా అమ్మ ఎత్తిన కాలు కింద పెట్టకముందే చెయ్యి పట్టుకుని లాగాడు. అవతలి లైను మీద లోకల్ రయ్యిన పోయింది. ఆ గాలికి ఆమె కొంగు జారింది.

"ఇడువు బిడ్డా, సల్ల పులుస్తది" అంది రైలు వంక చూడకుండానే.

"నీ కొడుకే పట్టిచ్చిండవ్వా."

"కన్నతల్లిని పోలీసోల్లకు పట్టిస్తవురా?"

"ఔనే."

బెంచీ మీద నా పక్కన కూర్చుని అదేపనిగా తిట్టింది. కొంగు సర్దుకోవడానికి ఆమె లేచినా చాలు, నేనూ లేచి పట్టాల వైపు అడ్డంగా నిలబడ్డాను.