ఉప్పు చూడడానికి

మా దీవిలోని మిన్నీ బే పేటలో, పక్కింట్లో ఒంటరిగా ఉండే పిన్ని రోజూ చేపల పులుసు గిన్నెతో మా గుమ్మంలోకి వచ్చేది. నా అరచేతిలో చుక్క వేసి, "ఉప్పు సూసి సెప్పమ్మా" అనేది.

పిన్ని నోటి కేన్సర్‌కి చెన్నైలో రేడియేషన్ చేయించుకుని ఏళ్లు గడిచాయి. ఆ కిరణాలు జబ్బుతోపాటు బాగున్న లాలాజల గ్రంథుల్నీ ఎండగొట్టాయి. రుచి తెలియదు. రెండు మాటలకోసారి సీసా ఎత్తి నోరు తడుపుకునేది. "డాక్టరు సబ్ ఠీక్ అన్నాడు గానీ, తడి తిరిగి రానేదమ్మా."

ఏ రోజూ ఉప్పు చాలేది కాదు. ఇంటికెళ్లి వేసుకుని మళ్లీ వచ్చేది.

"ముందే ఇంకాస్త వెయ్యరాదా పిన్నీ?" అన్నానొకరోజు.

సీసా ఎత్తి చాలాసేపు నీళ్లు తాగింది.

"అలాగేస్తే మీ ఇంటికి ఒక్కపాలే రావాలి గదమ్మా."

మర్నాడు రెండోసారి చూస్తే ఉప్పు సరిగ్గా సరిపోయింది.

"ఇంకొంచెం పడాలి పిన్నీ" అన్నాను.