మీగడంత పొర

గ్రేటర్ నోయిడాలో మా పై గదిలో అద్దెకుండి, బ్యాటరీల మీద పరిశోధన చేసిన గుంటూరు అమ్మాయి అన్నిటికీ బాగానే ఉందన్నట్టు హిందీలో ఒకటే మాట అనేది: "ఠీక్ హై ఆంటీ." జ్వరంతో వణుకుతున్నా అదే.

బడి మొహం చూడకుండా నాన్నగారి దగ్గరే చదువుకున్న నాకు బ్యాటరీ లోపలి సంగతి చెప్పింది ఆమే. ఒకసారి నైవేద్యం పెట్టిన పాలు ఇస్తే, మీగడను చెంచాతో కదిపి చూపించింది.

"మొదటిసారి ఛార్జింగ్ పెట్టినప్పుడు లోపల ఇలాంటి పొరే కడుతుంది ఆంటీ. పలచగా ఉంటే బ్యాటరీని కాపాడుతుంది. నేను చేసే బ్యాటరీల్లో ఆగకుండా మందమవుతోంది. లోపల ఛార్జిని మోసే లిథియమంతా అదే తినేస్తోంది."

"మరి మీ సారేమన్నారమ్మా?"

"ఈ నెలలో సరిచేయలేకపోతే పరిశోధన మానేసి వెళ్లిపొమ్మన్నారు." కళ్లు నిండాయి. వెంటనే నవ్వేసింది. "ఠీక్ హై ఆంటీ."

"ఏం ఠీకో! అద్దంలో చూసుకో నీ మొహం."

అప్పుడు ఏడ్చింది, నా భుజం మీద. ఆ కాసేపు ఆమెను మా ఇంట ఉంచినందుకు స్వామికి ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.

నెల తిరిగింది. పొర పలచబడలేదు. ఆమె గది ఖాళీ చేసి వెళ్లిపోయింది.

నిన్న ఫోన్ చేసి, "ఎలా ఉన్నావమ్మా?" అన్నాను.

"ఠీక్ హై ఆంటీ."

ఆ మాట కాస్త పలచబడాలని దీపం పెట్టినప్పుడల్లా మొక్కుకుంటున్నాను.