ఫ్రీజర్‌లో రిహార్సల్

చవగ్గా ఏదైనా సాధించానంటే నాకు కాళ్ళు నేల మీద నిలవవు. బహ్రెయిన్‌లోని సనాబిస్‌లో మా ఫ్లాట్‌లో సోఫా దగ్గర్నుంచి కర్టెన్ల దాకా ప్రతిదానికీ నేను బేరమాడిన కథ ఒకటుంటుంది. ఇంటికొచ్చినవాళ్ళకి టీ కంటే ముందు ఆ కథే అందుతుంది. అలాంటిదాన్ని, మా అమ్మాయి మంచులో జారాలని పట్టుబడితే ఊరుకుంటానా? స్కీయింగ్ అంటే డబ్బున్నవాళ్ళ సరదా అని మా ఆయన ఒక్క మాటలో కొట్టిపారేశారు. నాకు ఆ ఒక్క మాట చాలు.

ఇక ఫోన్ వదల్లేదు. బహ్రెయిన్ రెసిడెన్సీ ఉన్నవాళ్ళకి జార్జియా దేశం వెళ్ళడానికి వీసా గొడవ లేదని తెలిసింది. అందరూ వెళ్ళే పేరున్న రిసార్టులు వదిలేసి, మ్యాపులో వేలితో ఇంకాస్త పైకి పోయి, మనవాళ్ళెవరూ పేరు కూడా వినని ఒక కొండ పట్టుకున్నాను. అక్కడ లిఫ్టు టికెట్టూ తక్కువే, బూట్లూ స్కీలూ అద్దెకి తీసుకోవడమూ తక్కువే. ఒక పెద్దావిడ తన ఇంట్లోనే గది ఇచ్చి పొద్దున టిఫిన్ కూడా పెడుతుందట. టూర్ ప్యాకేజీ వద్దు, ఎయిర్‌పోర్టులోనే కారు అద్దెకి తీసుకుందాం అన్నాను. ఇక్కడిలాగే అక్కడా కుడి పక్కన నడపాలి గనక మా ఆయనకి సాకు దొరకలేదు. మంచు టైర్లు వేసిన కారే ఇస్తారా, చైన్లు కూడా పెడతారా, వాటికి విడిగా తీసుకుంటారా అని ఆ అద్దె కార్లవాళ్ళని మెసేజీలతో వేధించాను. చివరికి వాళ్ళు జవాబివ్వడం మానేశారు, నేను గెలిచాననుకున్నాను.

అన్నీ కుదిరాక బట్టలు మిగిలాయి. బహ్రెయిన్‌లో చలికాలమంటే పల్చటి స్వెట్టరు, అదీ పొద్దునపూటే. నాలుగు రోజుల ముచ్చటకి ముగ్గురికీ మందపాటి జాకెట్లు కొనడానికి నా ప్రాణం ఒప్పుకోలేదు. అప్పుడు తమ్ముడు గుర్తొచ్చాడు.

సొంత తమ్ముడు కాదు. శుక్రవారం మా తెలుగు సంఘం ప్రార్థన కూడికకి, ఫ్యాక్టరీలుండే మామీర్ నుంచి వచ్చే కోనసీమ మనిషి. చేపలు నిలవచేసే గోడౌన్‌లో ఫ్రీజర్ డ్యూటీ. భార్యా పిల్లలూ ఊళ్ళోనే ఉంటారు. క్రిస్మస్‌కి మా ఇంట్లో భోంచేస్తాడు, నేను బిర్యానీతో పాటు నాలుగు సలహాలు కూడా వడ్డిస్తాను. అడగ్గానే "పాత జాకెట్లు రూములో పడున్నాయండి అక్కా, మూడేంటి, నాలుగు తెస్తాను" అన్నాడు. అక్కడితో ఆగాల్సింది. ఆ జాకెట్లు నిజంగా చలి ఆపుతాయా, అంత దూరం పోయాక ఆపకపోతే ఎలా అని నాకొక గొప్ప ఆలోచన వచ్చింది.

"ఒకసారి మీ ఫ్రీజర్లో వేసుకుని చూస్తే సరిపోతుంది కదా తమ్ముడూ" అన్నాను.

"బయటోళ్ళని రానివ్వరండి అక్కా" అన్నాడు మెల్లగా.

"పది నిమిషాలేగా!"

నేనడిగితే కాదనలేడని నాకు తెలుసు. తెలిసే అడిగాను. మధ్యాహ్నం సూపర్‌వైజర్ భోజనానికి వెళ్ళే వేళకి రమ్మన్నాడు.

జాకెట్లు తొడుక్కున్నాక తమ్ముడు ఫ్రీజర్ తలుపు తెరవగానే ముక్కులోని తడి గడ్డకట్టింది. ఇరువైపులా కప్పు దాకా చేపల అట్టపెట్టెలు, పైన రొద పెడుతున్న ఫ్యాన్లు, గడప దగ్గర నేలంతా మంచు పేరుకుని నున్నగా ఉంది. మా అమ్మాయి నోట్లోంచి ఆవిరి వదులుతూ కేరింతలు. స్కీయింగ్ డబ్బున్నవాళ్ళ సరదా అన్న మా ఆయన రెండు చీపురు కర్రలు పట్టుకుని, మోకాళ్ళు వంచి, కొండ దిగుతున్నట్టు ఫోజు పెట్టారు. నేను ఆయన వెనకాల అదే ఫోజు. ఫోటో తీసింది తమ్ముడే, చేతి తొడుగు విప్పేసి. తీస్తూ తలుపు వైపు చూస్తున్నాడు. "ఇంకోటి తియ్యి తమ్ముడూ, నా కళ్ళు మూసుకుపోయాయి" అన్నాను. తీశాడు. "ఇంకొక్కటి" అన్నాను. అదీ తీశాడు.

ఇంటికొస్తూ కార్లోనే ఆ ఫోటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేశాను. "మంచు కొండలకి రిహార్సల్" అని కింద రాశాను కూడా. వరసగా నవ్వు బొమ్మలు, మెచ్చుకోళ్ళు. నీ తెలివే తెలివి వదినా అని ఒకామె. రోడ్డు పొడుగునా అవి చదివి మా ఆయనకి వినిపించాను. వెనక పెట్టెల మీద కంపెనీ పేరుందనీ, నా ఛాతీ మీద జాకెట్ నంబరు స్పష్టంగా కనిపిస్తోందనీ నేను చూడలేదు. నా మొహం బాగా వచ్చిందా లేదా, అదొక్కటే చూసుకున్నాను.

అది ఎవరి ఫోన్లోంచి ఎవరి ఫోన్లోకి పోయిందో గానీ సూపర్‌వైజర్ దాకా చేరింది. మర్నాడు తమ్ముడు ఫోన్ చేశాడు. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నాడు.

"అక్కా, ఆ ఫోటో తీసేయండి."

తీసేశాను. ఏమైందని గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. తినే సరుకున్న చోటికి బయటి మనుషుల్ని తెచ్చాడని డ్యూటీ ఆపేశారు. మేనేజర్ ఊళ్ళో లేడు. ఆదివారం వచ్చి ఉంచుతాడో, వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపేస్తాడో తేలుస్తాడు. "ఏం కాదులెండి అక్కా, మీరు కంగారుపడకండి" అన్నాడు. లేబర్ క్యాంపు మెట్ల మీదికొచ్చి మాట్లాడుతున్నానని కూడా చెప్పాడు. రూము వదిలి మెట్ల మీదికి ఎందుకొచ్చాడో నేను ఆలోచించలేదు.

సిగ్గుతో ఆ పూట అన్నం సహించలేదు. నిజం చెప్పాలంటే ఆ సిగ్గు మధ్యలోనే, ట్రిప్పు మానేస్తే కారు బుకింగ్ వాపసొస్తుంది, విమానం టికెట్లు రావు అని కూడా లెక్క వేసుకున్నాను. నేనే వెళ్ళి ఆ సూపర్‌వైజర్‌తో మాట్లాడతానంటే మా ఆయన కసిరారు. "నువ్వు వెళ్తే ఉన్న కాస్తా ఊడుతుంది. రెండు రోజులు నోరు మూసుకో" అన్నారు. ఆయన మాట సబబే. కానీ ఇన్నేళ్ళలో నేను నోరు మూసుకున్నది ఎప్పుడు?

శుక్రవారం కూడికలో పాటలయ్యాక పాస్టరు అయ్యగారు ప్రార్థన మనవులు అడుగుతారు. ఒక్కొక్కరూ లేచి చెప్పుకుంటారు. ఒకరికి మోకాళ్ళ నొప్పి, ఒకరి కూతురికి పరీక్షలు, ఒకరికి వీసా ఇచ్చిన కఫీల్ సంతకం పెట్టడం లేదు. నేను లేచాను. చేసిన పాపానికి నలుగురి ముందూ తల వంచితే దేవుడూ తమ్ముడూ ఇద్దరూ క్షమిస్తారనుకున్నాను. పైగా అది ఖర్చు లేని దారి. "నా తెలివితక్కువ వల్ల మన తమ్ముడి ఉద్యోగం పోయేలా ఉంది, ఆదివారం మేనేజర్ మనసు మారేలా అందరూ ప్రార్థన చేయండి" అన్నాను. చెబుతూ ఏడ్చాను కూడా.

హాలంతా వెనక్కి తిరిగి అతన్ని చూసింది. అయ్యగారు ముందుకి పిలిచి తల మీద చెయ్యి పెట్టారు. అందరూ గొంతెత్తి అతని ఉద్యోగం కోసం, భార్య కోసం, పిల్లల కోసం ప్రార్థన చేశారు. నాకు హాయిగా అనిపించింది. అలా అనిపించినందుకు ఈ రోజుకీ నా మీద నాకే రోత. కళ్ళు తెరిచి చూస్తే అతను మెడ వంచుకుని నిలబడ్డాడు, చెవులు ఎర్రబడ్డాయి. రెండో వరసలో అతని బావమరిది నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఇంకో క్యాంపులో ఉండే మనిషి, తన సొంత అక్క భర్తకి డ్యూటీ ఆపేశారని అతనికి అప్పటిదాకా తెలియదు. ఆమెన్ అనగానే లేచి, ఫోన్ చెవికి పెట్టుకుని బయటికి పరిగెత్తాడు.

ఆదివారం మేనేజర్ నాలుగు చీవాట్లు పెట్టి వదిలేశాడు, ఉద్యోగం నిలబడింది. మేం జార్జియా వెళ్ళాం కూడా, స్వెట్టర్ల మీద స్వెట్టర్లు వేసుకుని. ఆ శుక్రవారం మాత్రం ఇవేవీ ఎవరికీ తెలియవు.

కూడిక ముగిశాక హాలు మెట్ల దగ్గర తమ్ముడు చెప్పులు వేసుకుంటున్నాడు. దగ్గరికి వెళ్ళి, "అంతా మంచే జరుగుతుంది తమ్ముడూ, ఇంతమంది ప్రార్థన చేశాం కదా" అన్నాను.

అతను నా వైపు చూశాడు. కోపం కూడా లేదు ఆ చూపులో.

"ఆదివారం దాకా ఇంట్లో తెలీకూడదనుకున్నానండి. దానికి కంగారెక్కువ. ఫోటో అంటే తీసేయమన్నాను, తీసేశారు. దీన్నెట్టా తీసేస్తారక్కా?"

నేనేదో అనబోయేలోగా అతని చేతిలో ఫోన్ మోగింది. కాసేపు దాన్నే చూసి, ఎత్తకుండా నా చేతిలో పెట్టాడు.

"మా ఆవిడండి. మీరే చెప్పండి."

ఎత్తాను. అవతల పిల్ల ఏడుపు, ఆమె ఎగశ్వాస.

"ఏవండీ, ఉద్యోగం పోయిందంటగా?"

"నేనమ్మా, సనాబిస్ అక్కని" అన్నాను.

"అక్కా! మీరా! హమ్మయ్య" అంది ఆమె. "అక్కడ మాకు మీరే పెద్ద దిక్కని ఎప్పుడూ చెప్తారండి ఆయన. మీరున్నారుగా, ఆయనకేం కానివ్వరుగా? చెప్పండక్కా."

ఫోన్ తమ్ముడి వైపు చాపాను, అతను తీసుకోలేదు. ఆమె అక్కా, అక్కా అని పిలుస్తూనే ఉంది.